తిరిగొచ్చిన మొదటి మాట

కార్డు మీద కొబ్బరికాయ బొమ్మ. మంచం మీది మత్తయి దాన్ని ఎగాదిగా చూసి, "పైడమ్మ" అన్నాడు.

కూతురు శారోన్ గబుక్కున లేచి గదికి గడియ పెట్టింది. వంటింట్లో తల్లి మార్తమ్మ ఉంది మరి.

"ఇదేంటండీ, గొడుగు చూపించినా పైడమ్మే, ఆవుని చూపించినా పైడమ్మే" అంది గొంతు తగ్గించి.

"మంచిదేనండీ" అంది ఉమామహేశ్వరి. పక్షవాతంతో మాట పడిపోయినవాళ్ళకి మాటలు నేర్పడానికి అమలాపురం నుంచి వస్తుందావిడ. "మాటలు చచ్చిపోవండి. బుర్రలో వాటి దారి మూసుకుపోద్దంతే. రెండు నెలలకి ఈయనకి తెరుచుకున్న దారి ఇదొక్కటే. ఆ మనిషే ఎదురుగా వచ్చి పలికితే, మిగతా మాటలు కూడా అదే దారిన రావొచ్చు. ఎవరండీ ఆవిడ?"

శారోన్‌కి ఒళ్ళు మండిపోయింది. అంబాజీపేటలో కొబ్బరి లోడు ఎత్తుకుని ముప్పయ్యేళ్ళు ఒడిశా రోడ్డు మీద లారీ తిప్పిన మనిషి. దారిలో ఏ ఊళ్ళో ఏ కాపురం వెలగబెట్టాడో! కట్టుకున్నదాని పేరు రాదు, కన్నకూతురి పేరు రాదు, ఈ మహాతల్లి పేరు మాత్రం ఠంచనుగా వస్తోంది. నాన్న గొంతు మళ్ళీ వినాలని రెండు నెలలుగా ప్రార్థనలు చేసింది. తీరా వింటే ఇదీ!

"నాన్న దగ్గర క్లీనరుగా చేసిన సూర్యారావుగారిని ఫోన్లో అడిగేనండి. నవ్వి పెట్టేసేరు."

"అమ్మగారిని అడగకపోయేరా?"

"ఈ వయసులో ఆవిడకి సవతిని చూపించమంటారా? ఈ మాట మొదలైన మూడ్రోజుల నుంచీ అన్నం కూడా నేనే పెడతన్నానండి. గాలి తగిలితే ప్రమాదమని చెప్పి, ఆవిణ్ణి గడప తొక్కనివ్వట్లేదు."

తలుపు చప్పుడైంది. "శారోనూ, టీ తెచ్చేనమ్మా."

శారోన్ తండ్రి మీదికి వంగింది. "నాన్నా, నీకు దండం పెడతాను. ఒక్క నిమిషం నోరు మూసుకో."

గ్లాసులు గుమ్మంలోనే అందుకుందామని గడియ తీసిందో లేదో, మార్తమ్మ ఆగకుండా లోపలికి వచ్చేసింది. మత్తయి మొహం వెలిగిపోయింది.

"పైడమ్మా" అని గట్టిగా పిలిచాడు.

తల్లి మొహంలోకి చూసే ధైర్యం లేక శారోన్ కళ్ళు మూసుకుంది.

"ఆయ్, వస్తన్నానండి" అంది మార్తమ్మ, కొంగుతో కళ్ళొత్తుకుంటూ. "నాకు బాప్తిస్మం అయ్యేక మీరా పేరు పెట్టి పిలవడం ఇదే మొదలు."