ఇక్కడ ఆగే ఎక్స్‌ప్రెస్

"ఆ ఎక్స్‌ప్రెస్ ఈ స్టేషన్లో ఆగకూడదురా! మళ్ళీ ఆపావేం?" మారిస్ విసుక్కున్నాడు. రేపే వాళ్ళ బొమ్మరైళ్ళ క్లబ్బు ప్రదర్శన.

"నేను ఊహించి కట్టిన సిటీ స్టేషన్. ఇక్కడ ఆగుతుంది," అన్నాడు హ్యూబర్ట్.

"ఊహైతే మాత్రం? టైంటేబుల్ తప్పితే క్లబ్బు పరువు పోదూ!"

మారిస్ మోచెయ్యి తగిలి, ప్లాట్‌ఫారం చివరున్న గోరంత ఆడపిల్ల బొమ్మ పడిపోయింది. పసుపు కోటు.

"అందర్నీ జిగురేసి అంటించావ్. దీన్ని మర్చిపోయావా?"

"లేదు. అంటిస్తే బండెలా ఎక్కుతుంది?"

మారిస్‌కి అప్పుడు తట్టింది. ఆగకుండా దూసుకుపోయిన ఎక్స్‌ప్రెస్ కింద పడ్డ రోజు, హ్యూబర్ట్ కూతురు జూడిత్ వేసుకున్నది పసుపు కోటే.

మారిస్ బొమ్మను మెల్లగా నిలబెట్టాడు. ఎక్స్‌ప్రెస్ మళ్ళీ చుట్టి వస్తోంది. ఈసారి తనే మీట తిప్పి ఆపాడు.

"ఎంతసేపు ఆపమంటావురా?"

"అది ఎక్కేదాకా."