రెక్కల మోటార్లు

"బెన్ని గుర్తుగా నువ్వే ఉంచుకో సాయీ. మీ అంకుల్‌కి దీన్ని చూస్తేనే చిరాకు," అంటూ టీచరు కృపావతి, కొడుకు గరికపాడు బీడు పొలాల్లో ఎగరేసిన చిన్న బొమ్మ జెట్ విమానాన్ని అతని స్నేహితుడి ముందు పెట్టింది. బెన్ని చనిపోయి ఏడాదైంది. భర్త శాంతయ్య కంట ఒక్క చుక్క రాలగా ఆమె చూడలేదు.

సాయిప్రసాద్ రిమోట్ కదిపాడు. రెక్కల అంచులు గరగరమంటూ వణికాయి.

"సర్వోలు అరిగిపోయినై ఆంటీ. రెక్కల్ని కదిపే మోటార్లివి. వాడు పోయే ముందు వారమే ఇద్దరం కొత్తవి బిగించాం. తర్వాత ఎగరనే లేదు గదా, ఎట్టా అరిగినై?"

"బీరువా మీదే ఉంది బాబూ. ఎవరూ ముట్టుకోలా."

ఫ్యాక్టరీ షిఫ్టుకి బయల్దేరి చెప్పులేసుకుంటున్న శాంతయ్య గుమ్మంలోనే ఆగిపోయాడు.

"నేనే," అన్నాడు తల తిప్పకుండా. "ఎగరేసే ముందు వాడు రెక్కలు కదిపి, 'చూడు నాన్నా' అనేవాడు. నేనెప్పుడూ పేపర్లోంచి తలెత్తలా. ఇప్పుడు రోజూ నువ్వు బడికెళ్లాక, షిఫ్టు టైమయ్యేదాకా కదుపుకుంటా కూర్చుంటన్నా."

కృపావతి విమానాన్ని మెల్లగా తన ఒళ్లోకి తీసుకుంది.

"కొత్తవి తెప్పించు సాయీ," అంది. "రోజూ ఇద్దరం కదిపితే ఎన్నాళ్లొస్తాయి?"