అమ్మ దగ్గరే ఉంది

“మీ దగ్గర బానిసలున్నారా?” అని లాండ్రీ యజమానురాలు ఫోన్లో అడిగింది.

ఎప్పుడూ ఏదీ లేదనని సబ్బుల వ్యాపారి ఒక్క క్షణం ఆలోచించాడు. “ఎంతమంది కావాలమ్మా? సాయంత్రానికల్లా పంపించేస్తా.”

“నీకు పుణ్యముంటుంది నాయనా, ఎవరడిగినా లేరని చెప్పు!”

“సరుకు లేదనమంటారా? మా వ్యాపారంలో ఆ మాట అనకూడదమ్మా.”

ఇదంతా హోటల్ వాళ్ళు పెట్టిన చిక్కు. వాళ్ళ దుప్పట్లూ తువ్వాళ్ళూ ఉతికే చోట గానీ, ఆ చోటికి సబ్బులూ హ్యాంగర్లూ పంపేవాళ్ళ దగ్గర గానీ, బలవంతపు చాకిరీ చేసే మనిషి ఒక్కరు కనబడ్డా పని ఇవ్వడం మానేస్తామన్నారు. తనిఖీకి మనిషిని పంపుతున్నామన్నారు. హోటల్ పని పోతే లాండ్రీ మూతే. లాండ్రీ మూతపడితే అందులో పనిచేసేవాళ్ళంతా వీధిన పడతారు.

హ్యాంగర్లు వంచే ముసలాయనకూ ఫోన్ చేసింది.

“నా దగ్గర పనిచేసేది నేనొక్కణ్ణే,” అన్నాడాయన. “బానిసనో కాదో మా ఆవిణ్ణి అడిగి చెప్తా, లైన్లో ఉండండి.”

ఆమె లైన్లోనే ఉంది. అటువైపు నుంచి ఒక కసురు వినబడింది. ఫోన్ కట్టయింది.

ఇంతలో తనిఖీ ఆవిడ రానే వచ్చింది. వెంట హోటల్ మేనేజరు. ఈ లాండ్రీకి తనే వెళ్తానని ఆఫీసులో పట్టుబట్టి మరీ వచ్చిందని మేనేజరు చెప్పగానే యజమానురాలికి అనుమానం వచ్చింది. ఎవరో ఏదో చాడీ చెప్పే ఉంటారు. లేకపోతే ఇంత పెద్ద ఊళ్ళో నా కొంపే కావాల్సొచ్చిందా?

తనిఖీ ఆవిడ వచ్చీ రాగానే తలుపుల మీద పడింది. గడియ లోపలుందా, బయటుందా? కిటికీ తెరుచుకుంటుందా? ఆవిరి ఇస్త్రీ యంత్రం దగ్గరికెళ్ళి “చెయ్యి కాలదు కదా?” అంది. తడి నేల మీద కాలు ఆనించి జారుతుందేమోనని చూసింది. తాగే నీళ్ళు వాసన చూసింది. మరుగుదొడ్డి గడియ వేసి తీసి, మళ్ళీ వేసి లాగి చూసింది.

“ఇంత గుచ్చి గుచ్చి చూసే మనిషిని నేనెక్కడా చూళ్ళేదు,” అన్నాడు ఇస్త్రీ పెద్దాయన యజమానురాలి చెవిలో. “మన పని అయిపోయిందమ్మా.”

లాండ్రీలో అందరూ యజమానురాలిని అమ్మ అనే పిలుస్తారు.

ప్రశ్నలకి ముందు ఇస్త్రీ పెద్దాయన్నే కూర్చోబెట్టారు.

“మీ చేత బలవంతంగా పని చేయిస్తున్నదెవరు?” తనిఖీ ఆవిడ అడిగింది.

“ఆకలి మేడమ్.”

“అది కాదండీ. పని మానేస్తానంటే ఎవరైనా బెదిరిస్తారా?”

“బెదిరిస్తారు. ఇంట్లో.”

“సెలవిస్తారా?”

“ఇక్కడ అడిగితే ఇస్తారు మేడమ్. కానీ సెలవు పెడితే ఇంట్లో ఉండాలి కదా. అందుకే అడగను.”

ఉతికేవాళ్ళు కిసుక్కున నవ్వారు. యజమానురాలు కాస్త ఊపిరి పీల్చుకుంది.

వాళ్ళనీ అడగడం అయింది. ఇక మిగిలింది మడతలు పెట్టే పిల్ల. పెళ్ళీడు పిల్ల, కొత్తగా చేరింది. నోట్లో నాలుక లేదు. తల వంచుకుని దిండు గలీబులు మడత పెట్టుకుంటూ ఉంటుంది.

“కొత్త పిల్ల కదా, బెదిరిపోతుంది. వదిలేద్దాంలెండి,” అంది తనిఖీ ఆవిడ.

“అదేం మాట మేడమ్, అడగండి! మా దగ్గర దాచడానికేముంది?” అంది యజమానురాలు ధైర్యం వచ్చి.

తనిఖీ ఆవిడ గొంతు సవరించుకుంది. “నీ గుర్తింపు కార్డు... నీ దగ్గరే ఉంది కదూ?”

“అమ్మ దగ్గరే ఉంది. నేనైతే పారేస్తానట.”

అన్ని తలలూ యజమానురాలి వైపు తిరిగాయి. తనిఖీ ఆవిడ ముఖం పాలిపోయింది. మంచినీళ్ళు కావాలంది. మిగతా ప్రశ్నలు మేనేజరే అందుకున్నాడు.

“జీతం?”

“అదీ అమ్మ దగ్గరే. చేతిలో ఉంటే తగలేస్తానట.”

“బయటికి ఒక్కదానివే వెళ్తావా?”

“అమ్మో, ఇంకేమైనా ఉందా! రోజులు బాగోలేవంటుంది.”

“ఫోన్?”

“రోజూ తీసి చూస్తుంది. నవ్వుతూ మాట్లాడితే ఎవరితోనే అంటుంది.”

“ఇదంతా నాకొద్దు అంటే ఏం చేస్తుంది?”

“తిండి బంద్ సార్.”

“నీకా?”

“నాకెందుకు మాన్పిస్తుంది సార్, కుక్కి కుక్కి పెడుతుంది. తనే మానేస్తుంది.”

ఇలాంటి బెదిరింపు మేనేజరు తన జన్మలో వినలేదు. దీన్ని చిత్రహింస అనాలో ఏమనాలో ఆయనకు తెలీలేదు. దేనికైనా మంచిదని చిత్రహింస కిందే వేసుకున్నాడు.

“ఒట్టు! నా పిల్లల మీద ఒట్టు!” యజమానురాలు లబోదిబోమంది. “నేనెవరి కార్డూ ముట్టుకోలేదు. దాని ఫోన్ ఏ రంగో కూడా నాకు తెలీదు!”

“గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకుంటున్నారు,” అన్నాడు మేనేజరు. “రేపట్నుంచి మా దుప్పట్లు ఇక్కడికి రావు.”

ఆమె వెళ్ళి ఆ పిల్ల ముందు చతికిలబడింది. “నీ కాళ్ళు పట్టుకుంటానే తల్లీ! ఇంతమంది నోటి దగ్గర కూడు పోతోందే! ఎవరే ఆ అమ్మ? ఆ మాటేదో ఈయనకి చెప్పవే!”

పిల్ల చేతిలో గలీబు కింద పెట్టింది. మొదటిసారి తల ఎత్తింది.

“నువ్వే చెప్తావా, నన్ను చెప్పమంటావా అమ్మా?” అని, తనిఖీకి వచ్చిన తన కన్నతల్లిని అడిగింది.