మొదటి కుర్చీ

"అప్పు లేకపోవడమేనే నీ జబ్బు," అంది అక్క నవ్వుతూ.

మెరుపు చేతిలో కత్తెర ఆగిపోయింది.

ఆ బ్యూటీ పార్లర్లో ఆమెని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. చేతి వేగం చూసి అక్క పెట్టిన పేరే మిగిలిపోయింది. అక్కంటే తోడబుట్టింది కాదు, పార్లరు యజమానురాలు. వచ్చినవాళ్ళలో సగం మంది "మెరుపు ఉందా?" అని అడిగేవాళ్ళు. లేదంటే గుమ్మంలోంచే వెనక్కి తిరిగేవాళ్ళు. అందుకే అద్దం ముందు మొదటి కుర్చీ ఆమెది.

మెరుపుకి ఒకటే కోరిక. వీధి మలుపులో మూతపడ్డ కొట్టు అద్దెకి తీసుకుని సొంతంగా పార్లరు పెట్టుకోవాలి. బ్యాంకు అప్పిస్తే చాలు. ఆ సంగతి దాచకుండా అక్కకే చెప్పింది.

అక్క కోప్పడలేదు సరికదా, వీపు తట్టింది.

"పుట్టి బుద్ధెరిగాక ఒక్క అప్పూ చెయ్యనిదాన్ని బ్యాంకువాళ్ళు ఏం చూసి నమ్ముతారే పిచ్చిమొహమా? ముందు రికార్డంటూ ఒకటి ఉండాలి. ఫోన్లో యాప్ ఉంది, జీతం వచ్చేదాకా సర్దుబాటుకి ఇస్తుంది. నెలాఖర్లో కాస్త తీసుకో, జీతం పడగానే కట్టెయ్. నెలనెలా అలా చేస్తే బ్యాంకువాళ్ళు చూసే స్కోరు దానంతటదే లేస్తుంది."

రెండో కుర్చీ దగ్గర ఎవరి జుట్టుకో రంగు వేస్తున్న పిన్ని గొంతు సవరించుకుంది. అక్కడ అందరికంటే పాత మనిషి ఆవిడ.

"అది కాదే మెరుపూ..."

"పిన్నీ, తువ్వాళ్ళు నానబెట్టావా?" అంది అక్క.

పిన్ని బ్రష్షు పక్కన పెట్టి వెనక గదిలోకి వెళ్ళింది. మళ్ళీ ఆ ఊసెత్తలేదు. ఆ వయసులో ఇంకో చోట పని ఎవరిస్తారు?

మెరుపు చెప్పింది చెప్పినట్టు చేసింది. అవసరం లేకపోయినా తీసుకుంది. వడ్డీ ఎంత పడ్డా గడువు దాటనివ్వలేదు. జీతం చేతిలో పెడుతూ అక్కే గుర్తుచేసేది.

"ముందు అది కట్టు. ఒక్క పూట ఆలస్యమైనా మచ్చే!"

ఇంత మంచి మనిషిని వదిలేసి పోవడమా అని మెరుపు లోలోపల మథనపడేది.

ఏడాది తిరిగింది. ఇస్త్రీ బట్టలు వేసుకుని బ్యాంకుకి వెళ్ళింది.

ఆఫీసరు కంప్యూటర్ వంక చూసి పెదవి విరిచాడు.

"కట్టడంలో వంక పెట్టడానికి లేదమ్మా. కానీ ఇన్నిసార్లా? జీతం దాకా ఆగలేని మనిషి, కొట్టు నిలదొక్కుకునే దాకా ఏం ఆగుతుంది?"

"అవసరమై తీసుకోలేదు సార్... రికార్డు కోసం..."

"ఎవరి కథ వాళ్ళకుంటుందిలే," అని కాగితాలు వెనక్కి తోశాడు.

తిరిగొచ్చి పార్లరు గుమ్మంలో అడుగు పెట్టింది. అక్కడే నిలబడి బావురుమంది. అక్క పరుగున వచ్చి వాటేసుకుంది. పిన్ని మాత్రం తలెత్తలేదు.

అక్క మంచినీళ్ళు తాగించింది. మొదటి కుర్చీలో కూర్చోబెట్టి తన పైటచెంగుతోనే కళ్ళు తుడిచింది.

"ఊరుకో. ఇది నీ పార్లరే అనుకో. రేపొచ్చేవాళ్ళంతా నువ్వే కావాలన్నారు, తెలుసా?"

మెరుపు ఇంకా నోరు విప్పనే లేదు.

"జీతం దాకా ఆగలేని మనిషి, కొట్టు నిలదొక్కుకునే దాకా ఏం ఆగుతుందన్నాడు, అంతేగా?" అంది అక్క ఆమె జుట్టు సవరిస్తూ, "అప్పట్లో పిన్నినీ అచ్చం ఇదే మాట అని పంపించాడులే."