తూర్పు వాకిలి

“పొద్దున బయలుదేరిన మనిషి ఇప్పటికీ దిగలేదంటే దారి తప్పినట్టే,” అన్నాడు సయీద్, చేతికర్ర కొండ వైపు చూపిస్తూ.

లింబాద్రి చెప్పుల్లో కాళ్లు పెట్టాడు. “తప్పడు బాబా. నేనే ఫోన్ల మంచిగ చెప్పిన. రాళ్ల కుప్ప కనవడ్డకాడల్ల అటే మలుగు బావా అన్న.”

“మబ్బు దిగింది కదా,” అన్నాడు ముసలాయన. కర్ర ఊనుకుంటూ ముందు నడిచాడు. ఆయన ఈ కొండ కింద మేకలు కాస్తాడు. మన దేశపు కూలీలతో మాట్లాడీ మాట్లాడీ హిందీ పట్టుబడింది.

ఒమాన్ కొండల్లో పైన ఒక పాత ఊరు, కింద ఒక పాత ఊరు. మధ్యలో ఒకప్పటి గాడిదల బాట. రోడ్డు పడ్డాక గాడిదలు పోయాయి, మనుషులూ పోయారు. ఇప్పుడు ఆ బాట మీద ఊరి నుంచి ఊరికి నడవడానికి ఎక్కడెక్కడి దేశాల వాళ్లో విమానమెక్కి వస్తున్నారు. వాళ్లు చూసి మెచ్చుకోవడానికని ఒక కంపెనీ ఆ పాత ఇళ్లకు మళ్లీ మట్టి పూయిస్తోంది. పై ఊళ్లో బావ పెద్దులు పూస్తాడు, కింది ఊళ్లో బామ్మర్ది లింబాద్రి పూస్తాడు. ఎవరూ ఉండని ఇళ్లను నిలబెట్టడానికి ఇంత దూరం వచ్చిన ఆ ఇద్దరికీ సొంత ఇల్లు లేదు. అదీ విడ్డూరం.

పోయిన శుక్రవారం లింబాద్రి ఈ బాటనే ఎక్కి వెళ్లి బావను చూసి వచ్చాడు. ఈ శుక్రవారం బావ వంతు. కోడి కూర వండి, గిన్నె మీద మూత పెట్టి, పొద్దుటి నుంచీ వాకిట్లోనే కూర్చున్నాడు లింబాద్రి. మధ్యాహ్నం మబ్బు దిగి కొండంతా మాయమైంది. మళ్లీ తేటపడేసరికి కొండ కనిపించింది గానీ బావ కనిపించలేదు.

“బావా! ఓ పెద్దులు బావా!”

కొండ అదే పిలుపును తిరిగి పిలిచింది. అరిగిన రాతి మెట్లు, వాటి పక్కన మోకాలెత్తు రాళ్ల కుప్పలు. సయీద్ ఒక్కో కుప్పను కర్రతో తట్టి మరీ దాటుతున్నాడు.

“మా తాతలు పోసినవి ఇవి. మబ్బులో మనిషికి కళ్లు పనిచేయవు. కుప్పలే కళ్లు. వీటిని నమ్మి నడిచినవాడు ఎవడూ చెడలేదు.”

ఆ మాటకు లింబాద్రికి కొంచెం ధైర్యం వచ్చింది. అంతలో జేబులో ఫోను మోగింది. ఇమో కాల్‌లో, ఊరి నుంచి అక్క రజిత.

“తమ్మీ, మీ బావ ఫోను కలుస్తలేదు. వచ్చిండా?”

“వచ్చిండక్కా. తిని పండుకున్నడు.” అన్నాడు లింబాద్రి, కొండ మీది నుంచి చూపు తిప్పకుండా.

“పండుకోనీ తియ్, లేపకు. లేసినంక చెప్పు, మేస్త్రి వచ్చి జాగల ముగ్గు పోసిండని. కింద రెండర్రలు, మీద ఒకటి, తూర్పు వాకిలి. మీ బావ ఎట్ల చెప్పిండో అట్లనే. నేను అన్ననా లేదా? కొండగట్టు మీద రాయి మీద రాయి పెట్టి ఇల్లు మొక్కినోళ్లకు అంజన్న ఇల్లు ఇయ్యకుంట ఉండడు తమ్మీ. ఏడున్నా మన మొక్కు మనను...”

సిగ్నల్ పోయింది. లింబాద్రి ఫోను జేబులో పెట్టుకుని చొక్కా చేత్తో కళ్లు తుడుచుకున్నాడు. అక్క అంత సంబరంగా మాట్లాడి ఎన్నాళ్లయిందో.

ఇంకొంచెం ఎక్కాక బాట ఎడమకు తిరిగింది. సయీద్ తిరగలేదు. ఎదురుగా బండ మీద ఒక ప్లాస్టిక్ సంచి పడి ఉంది. ఎవరో ఊరి నుంచి తెచ్చిచ్చిన సకినాలు బామ్మర్దికని మోసుకొచ్చినట్టున్నాడు పెద్దులు. సగం ముక్కలై సంచిలోంచి బయటపడ్డాయి. నాలుగడుగుల అవతల ఒక చెప్పు. ఆ తర్వాత బండ లేదు.

సయీద్ పొట్ట మీద పడుకుని అంచు మీంచి కిందికి చూశాడు. లేచాక తలపాగా సర్దుకుని, పెదవులు కదుపుతూ ఏదో దువా చదివాడు. లింబాద్రి ఆయన్ను తోసుకుని వెళ్లి చూశాడు. లోయ అడుగున, తెల్లటి రాళ్ల మధ్య, బావ నీలం చొక్కా.

“బావా!” అని గుండెలు బాదుకున్నాడు. “చెప్పిన గద బావా, కుప్పలు చూస్కుంట రమ్మని! ఎందుకు ఇటు మలిగినవే! అక్కకు నేను ఏ మొఖం పెట్టుకొని చెప్పాలె!”

సయీద్ అతని భుజం పట్టి అంచు నుంచి వెనక్కి లాగాడు.

“అతని తప్పు కాదు. కుప్ప చూసే వచ్చాడు,” అన్నాడు.

అంచు మీద, లోయ బాగా కనిపించే చోట, జానెడెత్తున రాళ్లు పేర్చి ఉన్నాయి. సయీద్ వాటి ముందు గొంతుక్కూర్చున్నాడు.

“ఇది మా వాళ్లు పెట్టింది కాదు. మావి ఊరికే పోసిన కుప్పలు. ఇది ఎవడో చదును రాళ్లు ఏరి, సరిచూసుకుని పేర్చాడు. కొత్తది. మేకలు తోలుకుని కిందటి నెల వచ్చినప్పుడు లేదు. పాపం, మబ్బులో దీన్ని నమ్మి వచ్చాడు. ఏ పాపాత్ముడు పెట్టాడో! ఏం సరదా ఇది?”

లింబాద్రి ఏడుపు ఆగిపోయింది.

కింద రెండర్రలు, మీద ఒకటి, తూర్పు వాకిలి. పోయిన శుక్రవారం కొండ దిగుతూ, అక్కాబావలకు ఇల్లు ఇయ్యి అంజన్నా అని మొక్కి, లింబాద్రి తన చేతులతో కట్టిన ఇల్లు.