ఎమ్రిస్ కోసం పరుగు

"ఆగరా, లేసు ఊడింది," అన్నాడు ఎమ్రిస్, గొర్రెల పొలం గేటు పట్టుకుని.

గెథిన్ ఆగాడు. వాన ఏటవాలుగా కొడుతోంది. డొక్కలు ఎగిరిపడుతున్నా అతని చూపంతా ఎమ్రిస్ బూట్ల మీదే ఉంది. రెండు లేసులూ బిగించే ఉన్నాయి.

'పాపం, ఆయాసం వచ్చిందని ఒప్పుకోలేడు,' అనుకున్నాడు.

"నిదానంగా కట్టుకో. నాకేం తొందర లేదు."

"నాకు మాత్రం ఉందా? అదిగో ఆ గొర్రె నిన్ను చూసి నవ్వుతోంది."

"నన్ను కాదు, పొట్టి లాగులో నీ కాళ్ళని."

ఇద్దరికీ అరవై మూడేళ్ళు. గెథిన్ ముప్పయ్యేళ్ళు బడి బస్సు నడిపి మానుకున్నాడు. ఎమ్రిస్ తన మాంసం కొట్టు కూతురికి అప్పగించాడు. వేల్స్ కొండల మధ్య ఉన్న ఆ ఊళ్ళో, ఈ పరుగులు మొదలయ్యేదాకా వాళ్ళకు తెలిసిన వ్యాయామం పబ్బు దాకా నడవడం ఒక్కటే. పబ్బు పల్లంలో ఉంది కాబట్టి వెళ్ళేటప్పుడు నడిచేవాళ్ళు. వచ్చేటప్పుడు ఎవరిదో ఒకరి కారెక్కేవాళ్ళు.

నవంబరులో ఒక ఉదయం ఎమ్రిస్ భార్య నెస్తా గెథిన్ ఇంటికి వచ్చింది. అతని భార్య లౌరి అప్పుడే బజారుకు వెళ్ళింది.

"ఎవరితోనూ అనవుగా?" అంది నెస్తా, కూర్చోకుండానే.

"చెప్పు ముందు."

"మా ఆయన గుండె బలహీనంగా ఉందట. రోజు మార్చి రోజు మెల్లగా పరిగెత్తితే బాగుపడుతుందన్నారు. ఒంటరిగా వెళ్ళడు. నువ్వు తోడు రావాలి."

"నేనా? బస్సు దిగి బస్సు చుట్టూ తిరగడమే నాకు ఎక్కువ."

"జూన్‌లో చెరువు చుట్టూ పది మైళ్ళ పందెం ఉందిగా, దానికి తయారవుదామని పిలువు. నీకు విషయం తెలుసని పసిగట్టాడో, రోషంతో ఆ రోజే మానేస్తాడు. లౌరికి కూడా చెప్పకు. ఆవిడ నోట్లో మాట నిలవదు."

యాభై ఏళ్ళ స్నేహం. గెథిన్ కాదనలేకపోయాడు. ఆ సాయంత్రమే పబ్బులో ఎమ్రిస్‌ను కదిపి చూశాడు. ఎంతో బతిమాలాల్సి వస్తుందనుకున్నాడు గానీ, ఎమ్రిస్ గ్లాసు పక్కన పెట్టి, "సరే, రేపే మొదలెడదాం," అన్నాడు.

'లోపల భయపడుతున్నాడు,' అనుకుని గెథిన్ జాలిపడ్డాడు.

అలా మొదలైంది. డిసెంబరులో బురద చీలమండలు దాటింది. జనవరిలో దారంతా అద్దంలా గడ్డకట్టింది. పొగమంచులో ఒకసారి దారి తప్పి, ఎవరి పెరట్లోనో కోళ్ళ గూడు చుట్టూ మూడుసార్లు తిరిగారు.

"ఈ చలిలో ఎక్కడికి? మతి పోయిందా?" అని లౌరి ప్రతిసారీ సణిగేది. అంటూనే మేజోళ్ళు పొయ్యి దగ్గర వెచ్చబెట్టి ఇచ్చేది.

ఫిబ్రవరిలో కొండ మలుపు దగ్గర మంచు కురుస్తుండగా ఎమ్రిస్ ఉన్నట్టుండి రాయి మీద కూలబడ్డాడు.

గెథిన్ వాడి భుజాలు పట్టుకున్నాడు. "ఏమైందిరా?"

"ఏం లేదు. కాసేపు కూర్చుందామనిపించింది. నువ్వూ కూర్చో."

గెథిన్ కూర్చున్నాడు. ఎమ్రిస్ అతని మణికట్టు పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

"చలేస్తోందా?" అన్నాడు గెథిన్.

"ఆ... కొంచెం."

ఇద్దరూ కిందికి నడిచారు. ఆ రాత్రి గెథిన్‌కు నిద్ర పట్టలేదు. వీడు లేని పబ్బు ఎలా ఉంటుందో ఊహించబోయి, వద్దనుకుని దుప్పటి కప్పుకున్నాడు.

ఏప్రిల్ వచ్చేసరికి గొర్రెపిల్లలు వాళ్ళ వెంట పరుగెత్తి, తల్లులు అరిస్తే వెనక్కి మళ్ళేవి. గెథిన్ బెల్టుకు రెండు కొత్త చిల్లులు పడ్డాయి. మెట్లెక్కుతూ పాట పాడుతున్నానని ఒకరోజు గమనించి అతనే ఆశ్చర్యపోయాడు. అయినా పరుగులో ఎమ్రిస్ కంటే అరడుగు వెనకే ఉండేవాడు. వాడు పడితే పట్టుకోవాలి కదా. ఎమ్రిస్ కూడా మాటిమాటికీ వెనక్కి చూసేవాడు. 'నేనున్నానో లేదో అని బెంగ,' అనుకునేవాడు గెథిన్.

జూన్‌లో పందెం రోజు ఎండ మాడ్చేసింది. తొమ్మిదో మైలు దగ్గర వాళ్ళ వెనక ఇద్దరే మిగిలారు. వాళ్ళలో ఒకాయన మనిషంత ఎత్తున్న పూలకుండీ వేషం వేసుకున్నాడు.

"నువ్వు పోరా ముందు. నేను వస్తాలే," అన్నాడు గెథిన్.

"నువ్వు పో. నీ వెనక నేనుంటా."

"చెప్పిన మాట వినవేం?"

"నువ్వు వింటే కదా!"

ఈ వాదనలో ఉండగానే పూలకుండీ వాళ్ళను దాటేసింది. గట్టు మీది జనం ఈలలు వేశారు. చివరికి ఇద్దరూ ఒకరి మోచెయ్యి ఒకరు పట్టుకుని గీత దాటారు.

టీ బల్ల దగ్గర లౌరి, నెస్తా భుజాలు రాసుకుని నిలబడి చప్పట్లు కొడుతున్నారు. గెథిన్ గడ్డిలో వెల్లకిలా పడ్డాడు. పక్కనే ఎమ్రిస్ పడ్డాడు. వాడి రొమ్ము చక్కగా ఎగసి పడుతోంది. బతికాడు. గెథిన్‌కు కళ్ళు చెమర్చాయి. ఇక దాచడం తన వల్ల కాదనిపించింది.

"ఒరేయ్, నీకో సంగతి చెప్పాలి."

"ముందు నన్ను చెప్పనీ," అన్నాడు ఎమ్రిస్, అతని చెయ్యి గట్టిగా పట్టుకుని. "ఏడు నెలలుగా కడుపులో పెట్టుకుని చస్తున్నాను. ఏమీ అనుకోకు."

"చెప్పు."

"నీ గుండె జబ్బు సంగతి లౌరి నాకు నవంబరులోనే చెప్పిందిరా."