కొసరు చుక్క

ఏ పరిశోధనాపత్రం వెలువడితే దాని ప్రకారం, వంటగది గోడకున్న మందుపెట్టే ఇంటిల్లిపాదికీ చుక్కలు కొలిచిచ్చే రోజులవి. వరహాలు కూతురికి ఉప్మా తినిపిస్తుండగా పెట్టెలో ఎర్రదీపం వెలిగి, మాట వినిపించింది.

“అమ్మా, ఎముకబలం చుక్కల పరిశోధన నమ్మదగింది కాదని తేలింది. ఆ పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు.”

“మూడేళ్లు పోయించీసి ఇప్పుడా చెప్తావు?”

“విరుగుడు ఇస్తాను. లెక్క తప్పితే పాప కిడ్నీలకు ప్రమాదం. రోజూ ఎన్ని చుక్కలు పోశారు?”

పెట్టె ఐదే ఇచ్చేది. పిల్లకి చాలవేమోనన్న బెంగతో వరహాలు, కూరగాయలమ్మి కొసరు వేసినట్టు, తన వంతులోంచి రోజూ ఒకటి కలిపేది. ఇప్పుడది చెబితే కన్నతల్లే పిల్లకి కీడు చేసిందంటారు.

“ఐదే. నువ్వెన్నిస్తే అన్నే.”

ఐదింటికి సరిపడా విరుగుడు గిన్నెలోకి దిగింది. పిల్ల గుటుక్కున మింగి, నోరు మూయకుండా చూసింది.

“కొసరేదే అమ్మా?”

“కొసరంటే ఏమిటి పాపా?” అంది పెట్టె.

వరహాలు చప్పున పిల్ల నోటికి చెయ్యి అడ్డంపెట్టింది. అరచేతికి ఆ వెచ్చని ఊపిరి తగిలాక మెల్లగా తీసేసింది.

“ఆరు,” అంది. “మూడేళ్లూ ఆరే పోశాను.”